ఆడేముంది అనేవాళ్ళకు

తుగ్గలి మండలం పేరెత్తి, అక్కడి కొండల చుట్టూ ఒక పూట తీరిగ్గా నడిచొద్దామని ఎవరితోనైనా అని చూడండి. ఆదోనిలో అనండి, ఎమ్మిగనూరులో అనండి, పత్తికొండ బస్టాండులో నిలబడి అనండి. జవాబు ఒకటే: "ఆడేముంది?" కాస్త చదువుకున్నవాళ్ళు ఇదే మాటను సాగదీసి చెబుతారు. అడవంటే నల్లమల, నడకంటే అరకు, లంబసింగి. మన పడమటి కర్నూలులో రాళ్ళూ ముళ్ళూ తప్ప చూడ్డానికేముంది? ఎర్రగుడిలో అశోకుడి శాసనం ఉన్నమాట నిజమే గానీ అది పది నిమిషాల పని. కారు దిగి, ఫోటో తీసుకుని, గుత్తికి పోయి భోంచేయొచ్చు. పర్యాటకం గురించి మైకు ముందు మాట్లాడే పెద్దలది మరో పాట. ముందు రిసార్టు రావాలి, సిమెంటు రోడ్డు పడాలి, రంగు లైట్లు వెలగాలి, అప్పుడు జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారట.

ఈ అభిప్రాయాలన్నీ తప్పేనని, వాటిలో కొన్ని ఇప్పటికే ఈ నేలకు చేటు చేశాయని నా వాదన. ఎర్రగుడి కొండ చుట్టూ బయల్దేరిన చోటికే తిరిగొచ్చే ఒక సులువైన కాలినడక దోవను వచ్చే శీతాకాలానికే ఏర్పాటు చేసుకోవచ్చు. దానికి ఒక్క బస్తా సిమెంటు అక్కర్లేదు.

ముందుగా ఒక విడ్డూరం చూడండి. "ఆడేముంది" అన్న నోళ్ళే తొలకరి పడగానే మారిపోతాయి. నాలుగు వానలు పడి నేల కడుక్కుపోతే చాలు, జొన్నగిరి, పగిడిరాయి, తుగ్గలి చేలల్లో జాతర మొదలవుతుంది. గుంటూరు నుంచి, ప్రకాశం నుంచి, తెలంగాణ నుంచి, సరిహద్దు అవతల కర్ణాటక నుంచి జనం దిగుతారు. టిఫిన్ డబ్బా, నీళ్ళ బాటిలు, నెత్తిమీద తువ్వాలు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నడుం వంచి, చూపు నేలలో పాతి, మెరిసే రాయి కోసం ఒక్కో అడుగే వేస్తూ పోతారు. చెట్లకింద పడుకునేవాళ్ళు, గుడి అరుగుమీద రాత్రి గడిపేవాళ్ళు, ఊళ్ళో గది అద్దెకు తీసుకునేవాళ్ళు అంతా ఇందులో ఉంటారు. వాళ్ళు రోజుకు ఎంత దూరం నడుస్తారో లెక్కగడితే ఏ ట్రెక్కింగ్ క్లబ్బూ వాళ్ళ కాలిగోటికి సాటిరాదు. విత్తనం వేసిన చేను తొక్కి పాడు చేస్తున్నారని రైతులు మొత్తుకుంటారు, తమ పొలంలోకి రావద్దని బోర్డులు పెడతారు. అయినా రాక ఆగదు. దీన్ని వజ్రాల వేట అంటాం. ఆ వేటకు మాత్రం ఈ నేల చాలా గొప్పది.

వేట ఇదొక్కటే కాదు. ఇదే మండలంలో చెన్నంపల్లి కోట ఉంది. గుప్తనిధులు ఉన్నాయన్న నమ్మకంతో 2017 డిసెంబరులో అక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు, అదీ దొంగచాటుగా కాదు, సర్కారు అనుమతితోనే. యంత్రాలు వచ్చాయి, టీవీ కెమెరాలు వచ్చాయి, ఊరు ఊరంతా కోట దారి పట్టింది. నిధి బయటపడలేదు. ఇక జొన్నగిరి పరిసరాల్లో ప్రైవేటు రంగంలో బంగారు గని సంగతి పేపర్లలో వస్తూనే ఉంది. వజ్రం, నిధి, బంగారం. ఏదో ఒకటి చేతికి తగిలేదైతేనే ఈ కొండలకు విలువ. తగలకపోతే "ఆడేముంది".

ఒకసారి ఎర్రగుడి దగ్గర కొండ వాలున పోతుంటే గొర్రెలు తోలుకొస్తున్న పెద్దాయన ఎదురయ్యాడు. "ఏమన్నా దొరికెనా సామీ?" అన్నాడు. ఏమీ వెతకడం లేదని, ఊరికే నడుస్తున్నానని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఊరికెనా?" అని మళ్ళీ అడిగి, నేను నిజం దాస్తున్నానని ఖాయం చేసుకున్నట్టు నవ్వి, "సరే పా, ఆ పక్క కంప ఎక్కువ, ఈ పక్కనుంచి పో" అని చేత్తో దోవ చూపించాడు. ఆయన చూపిన దోవ సరైనదే. ఆయన అనుమానంలోనూ తప్పులేదు. ఈ నేలమీదికి వచ్చేవాడు ఏదో ఒకదాన్ని పట్టుకుపోవడానికే వస్తాడని ఆయన అనుభవం ఆయనకు నేర్పింది. ఆ అనుభవాన్ని ఒక సిద్ధాంతంగా మార్చి మనకు అప్పజెప్పే చదువుకున్నవాళ్ళతోనే నా పేచీ.

ఎందుకంటే ఈ పేచీని ఇదే చోట, రాతిమీద, దాదాపు రెండువేల రెండువందల డెబ్భై ఏళ్ళ కిందటే ఒక రాజు తేల్చి పెట్టాడు. గుత్తి నుంచి పత్తికొండకు పోయే రోడ్డు పక్కన ఉన్న ఎర్రగుడి కొండ బండలమీద అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలూ, రెండు చిన్న శాసనాలూ ఉన్నాయి. ఇవి 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త కంటపడి లోకానికి తెలిశాయి. ఆయన పని రాళ్ళను వెతకడం కాబట్టి, ఇది కూడా ఒకవిధంగా వేటలో దొరికిందే అనుకోండి. ఆ పెద్ద శాసనాల్లో ఎనిమిదోది చెప్పేదేమిటి? పూర్వపు రాజులు విహారయాత్రలకు పోయేవాళ్ళు, ఆ యాత్రల్లో వేటా అలాంటి వినోదాలూ ఉండేవి. తాను మాత్రం పట్టాభిషేకమైన పదేళ్ళకు సంబోధికి, అంటే బోధివృక్షం ఉన్న చోటికి వెళ్ళాననీ, అప్పటినుంచి ధర్మయాత్ర మొదలైందనీ చెప్పుకున్నాడు. ఆ యాత్రలో ఏం చేస్తారు? శ్రమణుల్నీ బ్రాహ్మణుల్నీ చూడటం, ముసలివాళ్ళను పలకరించి ఆదుకోవడం, పల్లె జనాన్ని కలిసి మంచిచెడ్డలు మాట్లాడటం. తనకు ఇందులో ఉన్నంత సంతోషం మరి దేనిలోనూ లేదంటాడు.

అంటే ప్రయాణం ఆగలేదు, దాని పని మారింది. కాళ్ళు అవే, దారులు అవే, గురి ఒక్కటే పోయింది. మొదటి శాసనం ఇంకా సూటిగా లెక్క చెబుతుంది. వంటశాలలో రోజూ లక్షల్లో జీవాలు తెగేవి. ఈ రాత రాసేనాటికి రెండు నెమళ్ళు, ఒక జింక మాత్రమే, జింక కూడా రోజూ కాదు, ఇకముందు అవీ ఉండవు. నెమలీ జింకా అన్న రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి, ఈ చుట్టుపక్కల చేలల్లో ఇప్పటికీ తిరిగేవి అవే. రెండో శాసనం దారుల వెంట బావులు తవ్వించి, చెట్లు నాటించిన సంగతి, మనుషులకూ పశువులకూ కలిపి. వేట మానిన నడక, మాంసం తగ్గిన వంటిల్లు, నీడా నీళ్ళూ ఉన్న దోవ. నడకదారి వేయాలనుకునే ఇంజనీరుకు ఇంతకన్నా మంచి నక్షా ఎవరిస్తారు? దీన్ని పది నిమిషాల్లో చూసి పోవచ్చట.

పది నిమిషాలవాళ్ళు చూడని సంగతి ఇంకొకటుంది. చిన్న శాసనం ఉన్న బండ ముందు కూర్చోవాలి, నిలబడితే కుదరదు. పొద్దు వాలుగా పడే వేళ అక్షరాల గాట్లలో నీడ నిలిచి రాత తేలుతుంది, నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు బండ బోడిగా కనబడుతుంది. బ్రాహ్మీ చదవడం రాకపోయినా ఫరవాలేదు, గీతల వాటం చూడండి. కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి పోతాయి, కొన్ని కుడినుంచి ఎడమకు తిరిగొస్తాయి. ఎద్దులు సాలు చివర తిరిగి మళ్ళీ ఇటు వచ్చినట్టు రాత వంపు తిరుగుతుంది. అశోకుడి శాసనాల్లో ఇలాంటిది మరెక్కడా ఇంత స్పష్టంగా లేదని లిపి శాస్త్రం చదివినవాళ్ళంతా దీన్ని ప్రత్యేకంగా ఎంచుతారు. చెక్కినవాడు తడబడ్డాడా, కావాలనే చేశాడా అన్నది వాళ్ళింకా తెగ్గొట్టుకోని తగవు. ఆ తగవులో మీరూ ఒక పక్షం వహించాలంటే పొద్దున్నే రావాలి, ఎండ వాలే దాకా ఉండాలి. మధ్యలో ఏం చేస్తారు? కొండ చుట్టూ నడుస్తారు.

ఇక "అడవి లేదు" అన్న మాట. చెట్టు నీడ కనబడకపోతే అడవి కాదనుకోవడం మనకు తడినేలల పుస్తకాలు నేర్పిన అలవాటు. జిల్లా సగటు వానే ఏడాదికి 700 మిల్లీమీటర్లకు లోపు, పడమటి మండలాల్లో అంతకంటే తక్కువ. అంత వానకు ఈ నేల ఇవ్వగలిగిన అడవి ఇదే: తుమ్మ, చండ్ర, రేగు, బలుసు, కలివి, తంగేడు, బందారు, బండ సందుల్లో నల్లేరు, వాలుల్లో సీతాఫలం. మోకాలెత్తునా, నడుమెత్తునా, మహా అయితే తలెత్తునా ఉంటుంది. ఇందులో కౌజు పిట్ట పరిగెడుతుంది, కుందేలు దూకుతుంది, తీతువు అరుస్తుంది, ఉడుము బండ కిందకి జారుకుంటుంది. దీన్ని మన సర్కారు లెక్కల్లో ఏమంటారు? హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తయారుచేసే దేశపు బంజరు భూముల అట్లాసులో పొదల నేలకు, దట్టమైనదైనా పలచనిదైనా, బంజరు కిందే గది ఉంది. కాగితం మీద బంజరు అని పడ్డాక దానికి ఎవడు అడిగితే వాడికి ఇవ్వడమే తరవాయి. "ఆడేముంది" అన్న మాట వల్ల చేటు జరుగుతోందని మొదట్లో అన్నది ఇందుకే. నోటిమాటగా మొదలై అది సర్కారు వర్గీకరణగా తేలుతుంది.

ఈ బంజరు ఏపాటిదో కలివికోడిని అడగండి. పేరే కలివి పొదలనుంచి వచ్చింది. 1848లో శాస్త్రలోకానికి ఎక్కిన ఈ పక్షిని 1900లో అనంతపురం దగ్గర చూశారు, ఆ తరువాత ఎవరికీ కనబడక అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల కొండల పాదాన అది మళ్ళీ దొరికింది. దొరికింది ఎక్కడ? నల్లమల గుబురుల్లో కాదు, చదువుకున్నవాళ్ళు మొహం చిట్లించే ఈ ముళ్ళకంపలోనే. కనిపెట్టింది ఎవరు? బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్ళు బొమ్మ పట్టుకుని ఊరూరా తిరిగితే, దాన్ని గుర్తుపట్టి పట్టి తెచ్చింది స్థానికంగా పిట్టలు పట్టే ఒక వేటగాడు. ఆయన లేకపోతే సొసైటీ ఇంకా తిరుగుతూనే ఉండేది. ఆ పక్షి కోసం తరువాత తెలుగుగంగ కాలువ మార్గమే మార్చవలసి వచ్చింది. బంజరుకున్న బరువు అది.

మనకు ఇంకా దగ్గర ఉదాహరణ రోళ్ళపాడు. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు, ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త పైన. అదీ గడ్డినేలే, చెట్ల అడవి కాదు. ఇప్పుడు జిల్లాల విభజనలో నంద్యాల కిందికి పోయింది. బట్టమేక అక్కడ కనబడటం గగనమైపోయింది. చుట్టూ గడ్డినేలలు చేలయ్యాయి, పంటలు మారాయి, కంచెలు వచ్చాయి. "ఏముంది ఈ గడ్డిలో" అని ఒకప్పుడు అన్నవాళ్ళ మాట చివరికి నిజం చేసుకున్నట్టయింది: ఇప్పుడు నిజంగానే ఆ పిట్ట లేనట్టే.

ఇటు పడమటి మండలాల్లో మాత్రం కృష్ణజింకలు మందలుగా ఉన్నాయి. రాష్ట్ర జంతువు అదే. రాత్రి చేలో పడి మొలక నమిలేసే జంతువూ అదే. దాన్ని ముట్టుకుంటే 1972 వన్యప్రాణి చట్టం కింద జైలు, కాపాడుకుందామంటే పంట పోతుంది. ఈ రైతు బాధను ప్రకృతి ప్రేమికులు తేలిగ్గా తీసుకుంటారు, అది నాకు ఒళ్ళు మండే సంగతి. నష్టపరిహారం వేళకు అందకపోతే ఆ జింక మీద రైతుకు ప్రేమ పుట్టదు, పుట్టమని అడిగే హక్కూ మనకు లేదు. అయితే జింక ఉండటం "ఏమీ లేకపోవడం" ఎట్లా అవుతుంది?

మూడో వాదన వినడానికి బలంగా ఉంటుంది. పనిలేకుండా కొండచుట్టూ తిరగడం దొరల సరదా, అమెరికా పిల్లలు నేర్పిన పోకడ అంటారు. అమెరికా సంగతి తర్వాత చూద్దాం. ముందు మన ఇంట్లో చూసుకుందాం. అరుణాచలం చుట్టూ పున్నమి రాత్రి 14 కిలోమీటర్లు నడిచేది ఎవరు? ఆదోని, గుంతకల్లు నుంచి బండ్లెక్కి పోయేవాళ్ళలో మీ వీధివాళ్ళు లేరా? సింహాచలం కొండ చుట్టూ ఆషాఢ పున్నమికి 32 కిలోమీటర్లు నడిచేది ఎవరు? బయల్దేరిన చోటికే తిరిగొచ్చే నడక మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు.

వేటతో కలిసిన నడక కూడా మనకుంది. అహోబిలంలో కనుమ నుంచి మొదలయ్యే పారువేటలో నరసింహస్వామి పల్లకీలో బయల్దేరి, నల్లమల అంచున ముప్ఫైకి పైగా ఊళ్ళు తిరిగి, నలభై రోజులు దాటాక గుడికి చేరతాడు. పేరు వేట, చేసేది ఊరూరి పలకరింపు. పల్లె జనాన్ని కలవడమే యాత్ర అన్న అశోకుడి మాటకూ దీనికీ ఎంత దూరం? మరీ మన పక్కకే వస్తే హొళగుంద మండలం దేవరగట్టు. దసరా రాత్రి కర్రల సమరం అని టీవీల్లో తలలు పగిలిన దృశ్యాలే చూపిస్తారు. మాళమల్లేశ్వరస్వామి విగ్రహాలు కొండ దిగి, కంపల మధ్య చీకట్లో పాదాలగట్టుకూ, రక్షపడికీ, జమ్మిచెట్టుకూ, బసవన్న గుడికీ తిరిగి, తెల్లవారుజామున మళ్ళీ కొండకు చేరతాయన్న సంగతి ఎవరికీ పట్టదు. అది రాత్రంతా సాగే చుట్టునడక, దివిటీల వెలుగులో, వేలాదిమందితో. కర్రలు తీసేస్తే మిగిలేది నేను అడుగుతున్నదే.

అమెరికా దగ్గరికి వస్తే, అక్కడ ఉన్న మన పిల్లలు సెలవురోజున నడవడానికి పోయే అడవుల్లో కొన్ని వేటకు విడిచిన సర్కారు నేలలే. పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్టేట్ గేమ్ ల్యాండ్స్ అని 15 లక్షల ఎకరాల దాకా ఉన్నాయి. వేటగాళ్ళ లైసెన్సు డబ్బుతో కొని, నడిపే నేలలు. అక్కడ వేటాడని మనిషీ నడవొచ్చు. ఒకటే షరతు: నవంబరు 15 నుంచి డిసెంబరు 15 వరకు జింకల వేట జోరుగా సాగే రోజుల్లో నెత్తిమీదా ఛాతీమీదా వీపుమీదా కళ్ళు చెదిరే నారింజ రంగు తొడుక్కోవాలి. వేటగాడికి ఎవడు మనిషో తెలియాలి కదా. నడిచేవాడు ముందుగా పటం చూస్తాడు, వేట రోజులు చూస్తాడు, ఎక్కడ బండి నిలపాలో, ఏ మలుపులో తిరగాలో రాసుకుంటాడు. మనం అక్కడినుంచి తెచ్చుకోవలసింది ఆ ముందుచూపు ఒక్కటే. వేట మన దగ్గర 1991 సవరణతో పూర్తిగా పోయింది, లైసెన్సు ఇచ్చే ముచ్చటే లేదు. కాబట్టి మన నడకకు అక్కడికంటే అడ్డంకులు తక్కువే ఉండాలి.

చట్టంలో వేట పోయింది గానీ చేలల్లో పోలేదు. అడవిపందుల కోసం రాత్రి కంచెకు కరెంటు తగిలిస్తారు, ఉచ్చులు పెడతారు. జంతువులతోపాటు మనుషులూ చచ్చిన వార్తలు రాయలసీమలో ఏటా వస్తాయి. సులువైన నడక అనగానే కళ్ళు మూసుకు పోవచ్చని కాదు. సులువు మొత్తం ఏర్పాటులో ఉంటుంది. అందుకే దోవ ఎట్లా ఉండాలో ఒకటి రెండు సంగతులు వివరంగా చెబుతాను.

దోవ కొండను కుడిచేతి వైపు ఉంచుకుని సాగాలి, ప్రదక్షిణ లాగే. ఇందులో భక్తి ఉందో లేదో మీ ఇష్టం, దారి తప్పకపోవడం మాత్రం గ్యారంటీ. ఎక్కడ సందేహం వచ్చినా కొండ కుడిపక్కన ఉందా లేదా చూసుకుంటే చాలు. కొండకూ చేలకూ మధ్య గొర్రెలు నడిచి వేసిన బాటలున్నాయి, వాటినే పట్టుకోవాలి. గొర్రెలవాళ్ళకంటే మంచి సర్వేయరు ఈ మండలంలో లేడు. చేలోకి దిగకూడదు, కంచె దాటకూడదు, దాటాల్సి వస్తే దోవ తప్పు గీశారన్నమాట. పొద్దు పొడిచాకే బయల్దేరాలి, చీకటి పడకముందే రోడ్డుమీద ఉండాలి. కరెంటు తీగలు రాత్రిపూట బతుకుతాయి. సదును నేలమీద గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషి ఈ గులకరాళ్ళమీద మూడుకు మించి నడవలేడు. పిల్లలతో అయితే రెండున్నర. అందుకని చుట్టు మొత్తం రెండు గంటలకు మించనివ్వకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాలం మంచిది. ఏప్రిల్, మే నెలల్లో రావద్దు, బండ సెగకే వడదెబ్బ తగులుతుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తప్పనిసరి. చెప్పులు కాదు, బూట్లు. తుమ్మముల్లు రబ్బరు చెప్పును సునాయాసంగా దాటేస్తుంది. బండ సందులో చెయ్యి పెట్టొద్దు, పింజర అక్కడే చుట్టుకుంటుంది. రిజర్వు ఫారెస్టు హద్దురాయి కనబడితే దాని ఇవతలే ఉండండి. అవతలికి పోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, అడగడానికి సిగ్గెందుకు. శాసనం బండమీద ఎక్కకండి. గోకినా, పేరు చెక్కినా పురావస్తు చట్టం కింద రెండేళ్ళ జైలో లక్ష రూపాయల జరిమానానో, రెండూనో పడొచ్చు.

రిసార్టు పెద్దలకు జవాబు కూడా ఆ చట్టంలోనే ఉంది. రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్తగా ఏదీ కట్టకూడదు, ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతి లేనిదే ఇటుక పెట్టకూడదు. ఇది 2010 సవరణ. కట్టడానికి వీల్లేని చోట కట్టుబడి పర్యాటకం గురించి ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్నారంటే, వాళ్ళు ఆ కొండ దగ్గరికి ఎంత తరచుగా పోయారో ఊహించుకోండి. కావలసిందల్లా దోవ మొదట్లో ఒక పటం, మలుపుల్లో రాళ్ళమీద సున్నం గుర్తులు, ఒక తాగునీటి కుళాయి, నాలుగు వేపచెట్లు. నీళ్ళూ చెట్లూ అన్నవి అశోకుడి రెండో శాసనంలోవే. పక్కనే పత్తికొండలో 1827లో కలరాతో మద్రాసు గవర్నరు మన్రో చనిపోతే, ఆ చోట సర్కారు ఒక చెట్లతోపు వేసి మెట్లబావి కట్టించింది. కలెక్టరుగా ఈ దత్తమండలాలన్నీ కలయదిరిగిన దొరకు ఇంతకన్నా తగిన స్మారకం లేదనుకున్నారు కాబోలు. ఆ పాటి బుద్ధి ఇప్పుడెందుకు కరువైంది?

అన్నిటికంటే గట్టి వాదన చివరికి ఉంచాను. "ఏటా ఊళ్ళకు ఊళ్ళు గుంటూరు మిరపకాయల కోతకూ బెంగళూరు బిల్డింగు పనులకూ వలస పోతుంటే, మీకు నడకదారి కావాల్సొచ్చిందా?" అని ఒక ఉపాధ్యాయ మిత్రుడు నన్ను నిలదీశాడు. ఈ ప్రశ్న ముందు తలవంచాల్సిందే. సాగునీళ్ళు లేని చోట నడకదారి కడుపు నింపదు. అది నింపుతుందని చెప్పేవాడు అబద్ధాలకోరు. కానీ వలస వాదనను ఎప్పుడు బయటికి తీస్తామో గమనించండి. నిధి తవ్వకానికి యంత్రాలు తెచ్చినప్పుడు ఎవరూ వలస గురించి మాట్లాడలేదు. రంగు లైట్ల ప్రతిపాదన వచ్చినప్పుడు మాట్లాడలేదు. ఖర్చు లేని పని, జనం తమంతట తాము చేసుకోగల పని ఎదురైనప్పుడే పేదరికం గుర్తొస్తుంది. ఒక సున్నం బకెట్టు ఖర్చు వల్ల ఏ కాలువ ఆగిపోతుందో చెప్పండి.

పైగా ఈ నడక ఎవరికోసమని మీ ఊహ? పొద్దంతా గొర్రెల వెంట తిరిగే మనిషికి నేను నడక నేర్పబోవడం లేదు. బడిపిల్లల కోసం అడుగుతున్నాను. తుగ్గలి, పత్తికొండ, ఆదోని బడుల్లో చదివే పిల్ల ఆరో తరగతిలో అశోకుడి పాఠం బట్టీ పడుతుంది. కళింగ యుద్ధం, ధర్మచక్రం, సాంచి స్తూపం బొమ్మ. తన మండలంలోనే, తన తాత గొర్రెలు మేపిన కొండమీదే ఆ రాజు మాట చెక్కి ఉందని ఆ పిల్లకు ఎవరూ చూపించరు. ఆ చిన్న శాసనం జనపదాల్లో భేరి మోగించి ఈ మాటలు వినిపించమని అధికారులకు చెబుతుంది. మన బడి ఇంతవరకు ఆ దండోరా వెయ్యలేదు. అదే పిల్ల తొలకరి రోజుల్లో అమ్మానాన్నలతో వజ్రాల వేటకు పోయి, అదే కొండ నీడలో తల దించుకుని రాళ్ళు ఏరుతుంది. ఒక్కసారి తలెత్తి పక్కకు చూస్తే చాలు కదా. ఆ తల ఎత్తించే బాధ్యత బడిది.

గొర్రెల కాపరికీ ఇందులో పని ఉంది. ఎక్కడ ఏ బాట ముగుస్తుందో, ఏ వాగు ఎన్నడు దాటొచ్చో, ఏ పొదలో కౌజు గుడ్లు పెడుతుందో అతనికే తెలుసు. కలివికోడి విషయంలో శాస్త్రవేత్తలు చేసిన తెలివైన పని అలాంటి మనిషిని అడగడమే. బడిపిల్లల బృందానికి ఒక పూట దోవ చూపించినందుకు అతనికి కూలి ఇవ్వండి, ఊరికే వద్దు. వజ్రం దొరుకుతుందన్న ఆశకన్నా ఆ కూలి నమ్మకమైన రాబడి.

తుగ్గలి, పత్తికొండ మండలాల హెడ్మాస్టర్లకు నా విన్నపం ఒక్కటే. వచ్చే నవంబరులో ఒక శనివారం మీ ఆరో తరగతి పిల్లల్ని బస్సెక్కించి ఎర్రగుడి తీసుకెళ్ళండి. పొద్దున ఏడింటికి బండల దగ్గర ఉండేటట్టు బయల్దేరండి. నీళ్ళూ, పులిహోర పొట్లాలూ, ఊళ్ళోనుంచి ఒక కాపరీ ఉంటే చాలు. ముందు శాసనం చూపించండి, తరువాత కొండ చుట్టూ నడిపించండి. పది గంటలకల్లా పని అయిపోతుంది, మధ్యాహ్నం బడి పెట్టుకోవచ్చు.